చూసే పండుగ, చేసే పండుగ

దసరా దగ్గర పడుతుంటే కోస్తాలో ఏ పండుగకి ఏ ఊరు వెళ్లాలో చెప్పే జాబితాలు కనబడటం మొదలవుతుంది. బెజవాడ ఇంద్రకీలాద్రి మీద నవరాత్రులు, విజయనగరంలో పైడితల్లి సిరిమాను, కార్తీక పౌర్ణమికి మంగినపూడి, సూర్యలంకల్లో సముద్రస్నానాలు, రాజమండ్రి రేవుల్లో దీపాలు. రైళ్ల వేళలు, వసతి గదులు, దర్శనం క్యూల వివరాలు కూడా ఉంటాయి. ఇవే రెండు నెలల్లో ఇదే తీరంలో వేల ఇళ్లల్లో జరిగే అట్లతద్ది మాత్రం సాధారణంగా ఆ జాబితాల్లోకి రాదు. పోలిపాడ్యమి వస్తే నీళ్ల మీద తేలే దీపాల ఫొటోగా వస్తుంది. ఆ దీపం వెనక ఉన్న కథ రాదు.

దీనికి కారణం తేలికగానే దొరుకుతుంది. 'చూడదగ్గ' పండుగ వీధిలో ఉంటుంది, దానికి ఊరేగింపు ఉంటుంది, ఎత్తు ఉంటుంది, చప్పుడు ఉంటుంది. 'చేసే' పండుగ పెరట్లో, పొయ్యి దగ్గర, ఉట్టి కింద ఉంటుంది. వీధి ఎవరిది, పొయ్యి ఎవరిది అన్న ప్రశ్న వేసుకుంటే ఆ జాబితాలు ఎవరి కళ్లతో తయారవుతున్నాయో తెలిసిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఊరు వెళ్లి పండుగ చూడాలంటే ముందు ఇంట్లో పండుగ పని లేనివాళ్లయి ఉండాలి. లేదా ఆ పని ఇంకొకరి మీద పెట్టి బయలుదేరగలిగినవాళ్లయి ఉండాలి.

శరత్కాలంలో ఇన్ని పండుగలు ఒక్కచోట కూడటం వెనక వ్యవసాయపు లెక్క ఉంది. కోస్తా వరి చేలల్లో ఊడ్పులు అయిపోయి, కోతలు ఇంకా మొదలవని విరామం అది. ఊడ్చేదీ, కలుపు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి ఆ విరామం ప్రధానంగా వాళ్ల నడుములకు దొరికిన విరామం. దానికి తోడు అది తుపానుల కాలం. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2014 అక్టోబర్ 12న విశాఖ మీద పడ్డ హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న శ్రీకాకుళం తోటల్ని నేలమట్టం చేసిన తిత్లీ - అన్నీ ఈ పండుగ నెలల్లోనే వచ్చాయి. చేను పొట్ట మీద ఉండగా సముద్రం వైపు భయంగా చూసే ఈ రోజుల్లో తీరం తన దేవతల్ని తలుచుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే తలుచుకునే పద్ధతిలో ఆడవాళ్లకు ఇచ్చిన చోటు ఏమిటన్నది చూడాలి. అందుకు మూడు పండుగల్ని తీసుకుంటాను.

మొదటిది అట్లతద్ది. ఆశ్వయుజ బహుళ తదియ. ముందురోజు గోరింటాకు. తెల్లవారుజామున లేచి అన్నం తినడం, సూర్యుడు పొడిచేదాకా వీధుల్లో ఆటలు, చెట్టుకు కట్టిన ఉయ్యాలలు. తర్వాత పగలంతా ఉపవాసం. సాయంత్రం గౌరీపూజ, పదకొండు అట్లు వాయనం, చంద్రదర్శనం, భోజనం. పెళ్లికాని పిల్లలకు మంచి మొగుడు రావాలని, పెళ్లయినవాళ్లకు ఐదోతనం నిలవాలని ఈ నోము.

నోము కథ మనలో చాలామందికి తెలుసు. ఒక రాజకూతురు తన స్నేహితురాళ్లతో కలిసి ఈ నోము పట్టింది. ఉపవాసానికి సొమ్మసిల్లింది. అన్నలు చూడలేక చెట్టుకు అద్దం కట్టి, అవతల మంట వేసి, ఆ వెలుగును అద్దంలో చూపించి చంద్రుడు వచ్చాడన్నారు. నమ్మి తిన్నది. స్నేహితురాళ్లకి పడుచు మొగుళ్లు దొరికారు. ఈమెకు వచ్చిన ప్రతి సంబంధం ముసలివాడిదే. అడవికి పోయి ఏడిస్తే పార్వతీపరమేశ్వరులు కనబడి, నోము చెడినందువల్ల ఇలా జరిగింది, మళ్లీ చెయ్యమన్నారు.

ఈ కథలో తప్పు ఎవరి ఖాతాలో పడిందో గమనించండి. మోసం చేసింది అన్నలు, అదీ ప్రేమతో. సంబంధాలు చూసింది తండ్రి. ముసలివాళ్లయి ఉండి పెళ్లికి సిద్ధపడింది ఆ వరులు. శిక్ష మాత్రం ఆకలేసి అన్నం తిన్న పిల్లకి. ముసలి మొగుడు రావడం సమాజం చేసిన ఏర్పాటు కాదు, ఆడపిల్ల నోము చెడగొట్టుకున్న ఫలితం! ఒక అన్యాయాన్ని బాధితురాలి లోపంగా మార్చే పని ఈ చిన్న కథ ఎంత మెత్తగా చేసిందో చూస్తే భయం వేస్తుంది.

ఆ ముసలి మొగుడు కథలోంచి పుట్టినవాడు కాదు. గురజాడ 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకి 1897లో ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో కొన్ని అంకెలున్నాయి. విజయనగరం మహారాజా విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. మూడేళ్లలో నమోదైనవే 1,034. అంటే ఏడాదికి సగటున 344. ఆ పెళ్లికూతుళ్లలో 99 మంది ఐదేళ్లవాళ్లు, 44 మంది నాలుగేళ్లవాళ్లు, 36 మంది మూడేళ్లవాళ్లు, ఆరుగురు రెండేళ్లవాళ్లు, ముగ్గురు ఏడాది పిల్లలు. డబ్బిచ్చి పిల్లను కొనుక్కోవాల్సి వచ్చేవాళ్లలో వయసు మళ్లినవాళ్లు ఎందరుండేవారో ఆ నాటకమే చెబుతుంది. మూడేళ్ల పిల్ల ఏ నోము చెడగొట్టుకుని ఉంటుంది?

ఈ లెక్కలు ఒక కులానివి. అట్లతద్ది అనేక కులాల ఆడపిల్లల పండుగ. ఓలి ఇచ్చి పిల్లను చేసుకునే ఆచారానికి శ్రామిక కులాల్లో ఉన్న అర్థం వేరు. అక్కడ మారుమనువు ఉండేది, ఆడదాని శ్రమకు ఒక విలువ కట్టడం ఉండేది. కాబట్టి అన్నిటినీ ఒకే గాట కట్టలేం. కానీ పుస్తకాలకెక్కి అచ్చయిన నోము కథలు ఏ ఇళ్లల్లోంచి వచ్చాయో ఆ ఇళ్లకీ, ఈ జాబితాకీ దూరం లేదు.

అయినా ఈ పండుగను ఆడపిల్లలు ఎందుకంత ప్రేమించారు? మొగుడి కోసమని నేననుకోను. చీకటితో లేచి వీధిలోకి వెళ్లి అరిచి, గెంతి, ఉయ్యాలెక్కి ఆకాశంలోకి కాళ్లు చాపడానికి వాళ్లకు అనుమతి ఉన్న రోజు సంవత్సరంలో అదొక్కటే. ఆ గంటల్ని సంపాదించుకోవడానికి మొగుడి పేరు చెప్పాల్సి వచ్చింది. నోము పైకి చెప్పే కారణం ఒకటి, చేసేవాళ్లు తీసుకునేది ఇంకొకటి. మన సంప్రదాయాల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెంటినీ విడదీసి చూడకపోతే, అయితే పొగడ్తలోనో కాకపోతే తిరస్కారంలోనో పడిపోతాం.

రెండోది సిరిమాను. విజయదశమి వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో జరుగుతుంది. ముందురోజు తొలేళ్లు. యాభై అరవై అడుగుల చింతమాను చివర ఆసనం కట్టి, దాని మీద పూజారి కూర్చుంటాడు. మానును బండికి అమర్చి పైకెత్తి, మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. జనం అరటిపళ్లు విసురుతారు. చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఆ రోజు మాను మీద కూర్చున్నవాడు పూజారి కాదు, పైడితల్లే.

పైడితల్లి ఎవరు? విజయనగరం ప్రభువు విజయరామరాజు చెల్లెలని స్థలకథ. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సాయంతో విజయనగరం బొబ్బిలి కోటను పట్టుకుంది. కొద్ది రోజుల్లోనే తాండ్ర పాపారాయుడు డేరాలోకి చొరబడి విజయరామరాజును చంపాడు. అన్నకు ముప్పు ఉందని తెలిసి హెచ్చరించడానికి బయలుదేరిన చెల్లెలు దారిలోనే ఆ వార్త విని కుప్పకూలిపోయిందట. తన రూపం పెద్దచెరువులో దొరుకుతుందని వెంట ఉన్న పతివాడ అప్పలస్వామినాయుడితో చెప్పి ప్రాణం విడిచిందట. ఆయన వంశంవాళ్లే ఇప్పటికీ పూజారులు. విగ్రహాన్ని చెరువులోంచి తీసినప్పుడు బెస్తలు చేసిన సాయానికి గుర్తుగానే ఊరేగింపులో వల నడుస్తుందంటారు.

ఈ యుద్ధం గురించి రాత చాలా ఉంది. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాశాడు. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' రాశాడు. బుర్రకథలున్నాయి, 1964లో సినిమా వచ్చింది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన 'టెక్స్చర్స్ ఆఫ్ టైమ్' (2001) బొబ్బిలి కథల్ని చరిత్ర రచనగా ఎలా చదవాలో చూపించింది. ఈ రాతలన్నీ మగవాళ్ల పరువు, పగ, పరాక్రమం చుట్టూ తిరుగుతాయి. ఆడవాళ్లు ప్రధానంగా కనబడే చోటు ఒకటుంది. కోట ఇక నిలవదని తేలాక బొబ్బిలి వీరులు తమ ఆడవాళ్లనూ పిల్లలనూ తామే చంపారు. దాన్ని మన సాహిత్యం, సినిమా త్యాగమన్నాయి. చచ్చిపోయినవాళ్లను ఎవరైనా అడిగారా అని ఏ కథా అడగలేదు.

విజయనగరం వైపు చెల్లెలు ఆర్మ్ కథనంలో లేదు. ఆమె ఉన్నది చెరువు గట్టు మీద, చింతమాను మీద, బెస్తల వలలో, జనం నోట. రాత నిలుపుకోని మనిషిని ఆచారం నిలుపుకుంది. గ్రామదేవతల కథల్లో ఈ వరస మనకు కొత్త కాదు. అన్యాయంగానో అకాలంగానో చచ్చిపోయిన ఆడవాళ్లు దేవతలవుతారు. బతికుండగా వినని మాటను చచ్చిన తర్వాత వింటారు. పైడితల్లి బయలుదేరింది యుద్ధం చూడటానికి కాదు, చావు ఆపడానికి. ఆమె ప్రయాణం మధ్యలో ఆగిపోయింది. ఏటా ఊరంతా ఆ ప్రయాణాన్ని ఆమె తరఫున కోట దాకా తీసుకెళుతోందని నేను చదువుకుంటాను.

మరి ఆ ప్రయాణంలో మాను మీద కూర్చునేది మగవాడెందుకు? సిరిమాను అనే మాటకు 'సిడి', 'సిడిమాను' అనే మాటలు దగ్గరివి. వీపు చర్మానికి కొక్కేలు గుచ్చుకుని ఎత్తయిన కొయ్యకు వేలాడటం సిడి. మొక్కుగా చేసేవాళ్లు. ఎడ్గార్ థర్‌స్టన్ 1906లో అచ్చయిన తన పుస్తకంలో దక్షిణాది సిడి గురించి వివరంగా రాశాడు. 19వ శతాబ్దిలో మిషనరీలు, సంస్కర్తలు, వలస ప్రభుత్వం దాని మీద చాలా గొడవ పడి చివరికి ఆపించే దాకా వెళ్లారు. కొక్కేలు పోయాయి. చాలాచోట్ల మనిషికి బదులు బొమ్మనో, గొర్రెనో, గుమ్మడికాయనో వేలాడదీశారు. విజయనగరంలో మనిషి ఆసనం మీద కూర్చుంటాడు.

సిడి ఎక్కింది మగవాళ్లేనా? 16వ శతాబ్ది తొలి దశకాల్లో హంపీ విజయనగర రాజ్యం గురించి రాసిన పోర్చుగీసు యాత్రికుడు దువార్తే బార్బోసా ఒక దృశ్యం రాశాడు. ఒక పడుచు తను కోరుకున్నవాడు మొగుడైతే దేవుడికి రక్తం ఇస్తానని మొక్కుకుంటుంది. పెళ్లికి ముందు ఎద్దుల బండి మీద అమర్చిన ఏతం లాంటి కొయ్యకు నడుం దగ్గర కొక్కేలతో వేలాడుతుంది. చేతిలో కత్తి, డాలు. రక్తం కారుతున్నా పాడుతూ, తన వరుడి మీదికి నిమ్మకాయలు విసురుతూ గుడి దాకా వెళుతుంది. ఆ తర్వాత మందులు వేసి పెళ్లి చేస్తారు.

బార్బోసా పరదేశి, వింతలు వెతికే కళ్లు. ఆ మాట గుర్తుంచుకునే చదవాలి. దాన్ని స్వేచ్ఛ అని పొగడటం కూడా నా ఉద్దేశం కాదు. కోరుకున్నవాడి కోసం ఆడదాని ఒళ్లు చీలాలి, మగవాడు కింద నడిస్తే చాలు అన్న లెక్కలో న్యాయం లేదు. కానీ కొయ్య మీద, జనం తలల మీద, చేతిలో కత్తితో ఒక ఆడమనిషి ఉన్న కాలం ఒకటుందని తెలిశాక సిరిమాను వైపు చూసే చూపు మారుతుంది. హంపీ నుంచి విజయనగరం దాకా సూటిగా గీత గీయలేను. అయితే సంవత్సరానికోసారి ఆడదాన్ని గాలిలోకి ఎత్తే రెండు సాధనాలు, సిడీ ఉయ్యాలా, రెండూ మొగుడి మొక్కుతోనే ముడిపడి ఉండటం యాదృచ్ఛికమని కొట్టెయ్యలేను. ఒకటి ఒంటి మీద గాయంగా పోయింది. ఇంకొకటి పెరట్లో ఆటగా మిగిలింది. వీధిలో ఎత్తు మాత్రం మగవాడికి దక్కింది.

రెండేళ్ల కిందట సిరిమాను చూడటానికి వెళ్లినప్పుడు నా పక్కన ఒక పెద్దావిడ పొద్దుటి నుంచీ నిలబడి ఉంది. పసుపునీళ్ల చెంబు, చేతిసంచీలో అరటిపళ్లు. గజపతినగరం వైపు పల్లె నుంచి తెల్లారగట్ల బస్సెక్కి వచ్చానంది. "అమ్మోరు ఆడమనిషే గదా, పైన మగాయన కూకున్నాడేటి?" అని ఆమె యాసలోనే అడిగాను. నా వైపు చిత్రంగా చూసింది. "అమ్మోరికి ఆడేటి, మగేటి తల్లీ. అవన్నీ మనకే గానీ" అంది. దేవతకు లింగభేదం లేదనడం భక్తి. అది మనుషులకే ఉందనడం అనుభవం. రెండూ ఒక్క వాక్యంలో చెప్పి అరటిపండు విసరడానికి ముందుకు వెళ్లిపోయింది.

మూడోది పోలిపాడ్యమి. కార్తీక అమావాస్య మర్నాడు, మార్గశిర శుద్ధ పాడ్యమి. తెల్లవారకముందే గోదావరి, కృష్ణా రేవుల్లో, కాలవల్లో, చెరువుల్లో ఆడవాళ్లు అరటిదొప్పల మీద ఒత్తులు వెలిగించి వదులుతారు.

చాలాచోట్ల చెప్పే కథలో పోలి చాకలింటి చిన్నకోడలు. కార్తీకమాసమంతా అత్త తక్కిన కోడళ్లను వెంటబెట్టుకుని నదీస్నానానికి పోయేది. ఇంటి పనంతా పోలికి అప్పజెప్పేది. వెళ్లి దీపం పెట్టుకునే వీలు లేక, పత్తిచెట్టు కింద రాలిన పత్తితో ఒత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న రాసి దీపం వెలిగించి, ఎవరూ చూడకుండా బుట్ట బోర్లించేది పోలి. నెల చివర విమానం వచ్చి బొందితో ఆమెను స్వర్గానికి తీసుకుపోతుంటే, రేవు నుంచి తిరిగొస్తున్న అత్తా తోడికోడళ్లూ చూసి కాళ్లు పట్టుకుని వేలాడారు. దేవదూతలు వాళ్లను కిందికి తోసేశారు.

పుణ్యానికి తీరిక కావాలనీ, ఆ తీరిక ఇంకొకరి చాకిరీ మీద నిలబడుతుందనీ ఇంత సూటిగా చెప్పిన నోము కథ నాకు ఇంకొకటి గుర్తు రాదు. ఊరి మైల ఉతికే కులంలోని ఇంట్లో, మళ్లీ ఆ ఇంటి చాకిరీ అంతా మోసే కోడలు. కింద ఉన్నవాళ్లలోనూ కింద. రాలిన పత్తి, కవ్వానికి అంటిన వెన్న - ఎవరూ లెక్కపెట్టని మిగులు మాత్రమే ఆమె ఆస్తి. అట్లతద్ది కథలాగా ఇది ఆమె మీద తప్పు మోపదు. కానీ ఇక్కడా శిక్ష పడ్డది ఆడవాళ్లకే. మామ, మొగుడు, బావలు ఎక్కడున్నారు? ఆ నెలంతా ఆ ఇంట్లో ఎవరికి వండింది పోలి? కథ చెప్పదు. విముక్తి కూడా భూమ్మీద దొరకలేదు, విమానం రావాల్సి వచ్చింది.

మా అమ్మమ్మకు పిన్ని ఒకావిడ ఉండేది. శారదా చట్టం రాకముందే పెళ్లయి, కాపరానికి వెళ్లకముందే మొగుడు పోయినావిడ. కోనసీమలో ఆ ఇంట్లో అట్లతద్ది నాడు ఆవిడ గది దాటి వచ్చేది కాదట. గోరింటాకు లేదు, ఉయ్యాల లేదు, వాయనం ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ పనికిరాదు. కార్తీకం మాత్రం ఆవిడది. చన్నీళ్ల స్నానానికీ, ఉపవాసానికీ, దీపానికీ ముత్తయిదువ అయి ఉండనక్కర్లేదు. ముసలి మొగుళ్ల జాబితాలోని పిల్లల్లో ఎందరో చివరికి చేరుకున్న నెల కార్తీకమే. 1881 డిసెంబర్‌లో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించేనాటికి ఆ ఊరి రేవుల్లో దీపాలు వదిలిన చేతుల్లో ఎన్ని గాజుల్లేని చేతులో ఊహించుకోవచ్చు.

నా చిన్నప్పుడు ఆ చిన్నతాతమ్మ చెప్పిన పోలి కథ నోము పుస్తకాల్లోని కథ కాదు. ఆవిడ కథలో కాళ్లు పట్టుకున్నవాళ్లు పడిపోరు. "పట్టుకోండర్రా గట్టిగా" అంటుంది పోలి. అందరూ పోతారు. అత్త చెడ్డది కదా అని మేం పేచీ పెడితే, "దాన్ని మాత్రం ఎవరు చూశారే" అనేది. పరిశోధనలో పాఠాంతరం అనే మాట నేర్చుకున్నాక ఆ మార్పు విలువ తెలిసింది. శిక్షను తీసెయ్యడానికి ఆవిడ ఏ సిద్ధాంతమూ చదవలేదు. ఒక చిన్న వాక్యం మార్చింది.

కార్తీకం పోయిన తెల్లారి నదికి వెళ్లేవాళ్లు దీపం వదిలేది నదికి వెళ్లనివ్వని మనిషి కోసం. ఈ సంగతి ఏ యాత్రా జాబితాలోనూ రాయలేం. అట్లతద్ది ఉయ్యాలను కూడా టిక్కెట్టు పెట్టి చూపించలేం, చూపించాలని నేను కోరనూ కోరను. ఆడవాళ్ల పండుగలు చూడదగ్గవిగా మారితే వాటిలో మొదట పోయేది వాళ్ల తీరికే. మనం చెయ్యగలిగింది ఇంకొకటుంది. నోము కథల్ని పుస్తకాల నుంచి కాకుండా చెప్పేవాళ్ల నోటినుంచి, వాళ్ల కులంతో, వయసుతో, మార్చిన వాక్యంతో సహా రాసుకోవడం. ఎనభై దాటినవాళ్ల దగ్గర ఆ పాఠాలు ఇంకా ఉన్నాయి. ఈ శరత్తులో ఏ ఊరు వెళ్లినా ఊరేగింపు చూసి వచ్చేముందు, అక్కడి వంటింట్లో ఒక గంట కూర్చోండి. ఆ రోజు ఊరేగింపు చూడటానికి రాలేకపోయిందెవరో అడగండి.